మూడు శాలలు, ఒక్క ప్రశ్న

మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, విరజాపురమనే నగరంలో ఒక పెద్ద విద్యాపీఠం ఉండేది. అందులో వైద్యానికొక శాల, జలశాస్త్రానికొక శాల, శిలాశాస్త్రానికొక శాల. ఒక శాలలో చేరినవాళ్లు నాలుగేళ్లూ చదివి ముగిస్తేగాని మరో శాల గడప తొక్కరాదు. అది అక్కడి కట్టడి.

ఆ పీఠానికి శారిక అనే పిల్ల వచ్చింది. వాళ్ల ఊళ్లో పసివాళ్ల కాళ్లు వంకరపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆమె చెల్లెలు తరళకు నాలుగేళ్లు. అప్పుడప్పుడే ఆ పిల్ల మోకాళ్లూ వంగుతున్నాయి. శారికకు బిరుదులు అక్కర్లేదు, చెల్లెలు నడిస్తే చాలు. తన ప్రశ్న ఎటు తీసుకెళితే ఆ శాలలో కూర్చోనివ్వమని పీఠాధిపతిని వేడుకుంది.

"ఏం చదవాలో గురువు చెప్పాలి గాని, శిష్యురాలు చెప్పడమేమిటమ్మా?" అన్నాడాయన. పాపం, ఏం చేస్తుంది? తల వంచుకుని వైద్యశాలలో చేరింది.

తిండితోనో నీటితోనో ఏదో ఒంట్లోకి పోయి ఎముకలను వంచుతోందని వైద్యాచార్యుడు చెప్పాడు. అదేమిటని అడిగితే, తన శాస్త్రం కాదన్నాడు. నాలుగేళ్లు గడిచాయి. ఆ ఊరి బావినీళ్లు లోతైన రాతిలోంచి ఊరుతున్నాయని జలాచార్యుడు చెప్పాడు. రాతి సంగతి తనకు తెలియదన్నాడు. మరో నాలుగేళ్లు గడిచాయి. ఆ రాయి కొద్దికొద్దిగా నీళ్లలో కరుగుతుందని శిలాచార్యుడు చెప్పాడు. తాగినవాళ్లకు ఏమవుతుందో ఆయనెప్పుడూ ఆలోచించలేదట. పన్నెండేళ్లు నిండాయి.

ఆ పన్నెండేళ్లూ, సంగతి తెలియక, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా శారిక ఆ బావినీళ్లే చెల్లెలికి తన చేత్తో తాగించేది.

మూడు మాటలూ కలిపి చూసుకుని ఊరికి పరుగెత్తింది. బావి మూయించి, వాననీళ్లు పట్టించింది. తరవాత పుట్టిన పిల్లలు చక్కగా పరుగులు తీశారు. రాజు మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. ప్రశ్న ఉన్నవాళ్లను ఏ శాలలోనైనా కూర్చోనివ్వమని ఆమె కోరింది. ఆనాటితో ఆ కట్టడి పోయింది.

తరళ కాళ్లు మాత్రం సరికాలేదు. పదహారేళ్ల పిల్ల చేతులు నేలకు ఆనించి దేకుతుంటే శారిక గుండె చెరువయ్యేది.

ఒకనాడు తరళ అడిగింది, "అక్కా, ఆ ముగ్గురు గురువులూ దూరదూరంగా ఉండేవాళ్లా?"

"లేదమ్మా. రోజూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసేవాళ్లు."

"మరి ఒక్కపూటైనా నీ ప్రశ్న గురించి మాట్లాడుకోలేదా?"

శారిక చెల్లెలి కాళ్లు ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది.

కాబట్టి పిల్లలూ, అడిగేవాళ్లను గడప దగ్గర ఆపిన చదువు, ఎంత గొప్పదైనా, కావలసిన వేళకు అక్కరకు రాదు.