పుట్టిమెరక తల్లి వెలసిన వైనం

చిలకలేరు వంతెన దగ్గర బస్సు దిగి, ఎడమచేతి వైపు గట్టు మీద మైలున్నర నడిస్తే పుట్టిమెరక వస్తుంది. నూరు గడప కూడా లేని ఊరు. గుడికి గాలిగోపురం లేదు. పెంకులు కప్పిన మండపం, దాని వెనక చిన్న గర్భగుడి, ఆ గర్భగుడి పడమటి గోడకు మనిషి ఎత్తున గుండ్రని కిటికీ. రాతి విగ్రహం కోసం వెతుక్కునే కొత్త యాత్రికులు ఇక్కడ తికమకపడతారు. కిటికీకి ముందు నిలువుగా నిలబెట్టి ఉన్న వెదురు పుట్టే ఇక్కడి అమ్మవారు. ఏరు దాటడానికి వెదురుతో అల్లి, తోలు కప్పి వాడే గుండ్రని పడవనే పుట్టి అంటారు.

సాధ్యమైనంత వరకు పొద్దు వాలే వేళకు గుడికి చేరుకోవలసిందిగా యాత్రికులకు మా మనవి. కిటికీలోంచి ఎండ పడగానే ఆ తోలు ఒక్కసారిగా వెలుగుతుంది! ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చుక్కలు వందల కొద్దీ మెరుస్తాయి. వాటి నడుమ దేవతలు, రాక్షసులు, వానరులు కనిపిస్తారు. అందరి మధ్య ఒక ముసలమ్మ ముఖం కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా రోజూ చూస్తున్న నాకు ఇప్పటికీ ఆ క్షణాన ఒళ్లు పులకరిస్తుంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఏట్లో ఎగువన, రెండు పాయల నడుమ ఉన్న దిబ్బ మీద వారానికొకసారి సంత జరిగేది. చేతిపనుల వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి సరుకు తెచ్చుకుని అక్కడ అమ్ముకునేవారు. ఒక శ్రావణమాసంలో సంత ముగిసే వేళకు పైన కొండల్లో వాన పడి ఏరు పొంగింది. ముందుగా బయలుదేరినవారు ఒడ్డెక్కారు. పదకొండు మంది దిబ్బ మీద చిక్కుకుపోయారు.

వారిలో మేదర సింగారమ్మ ఒకతె. నలభై ఏళ్ల మనిషి. బుట్టలు, చేటలు అల్లడంలో ఆమెకు సాటి లేరని పేరు. ఎవరో రైతు ధాన్యం పోసుకునే గాదె కావాలని అడిగినందున ఆనాడు రెండు బండ్ల వెదురు తెచ్చి ఉంది. రెండో మనిషి తోలుబొమ్మలు ఆడించే నింబాజీ. తాతల నాటి బొమ్మల పెట్టెను ఆయన ఒక్క క్షణం కూడా విడిచి ఉండేవాడు కాదు. మూడో మనిషి లక్కపని ఆదెయ్య. తరిమెన అనే తిరుగుడు చట్రం మీద కొయ్య బొమ్మలు చెక్కి, వాటికి లక్క రంగులు ఎక్కించేవాడు. ఆయన రంగు నీళ్లలో నానబెట్టినా పోదని పదూళ్లలో చెప్పుకునేవారు. ఆ కిటుకు ఏమిటని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. మిగిలినవారు నూలు అమ్మే దంపతులు, ఆముదం అమ్మే తెలికల ఆయన, చంటిబిడ్డతో ఒక తల్లి, మరి ముగ్గురు.

మొదటి రోజు నీరు దిబ్బ అంచుల్ని కోసింది. పిలిచినా పలికేవారు లేరు. సింగారమ్మ చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. పుట్టింటి రేవులో చిన్నప్పుడు పుట్టిని చూసిన జ్ఞాపకం ఆమెకు ఉంది. అందరి చేతా వెదురు చీల్పించి, గాదె అల్లే ఒడుపుతోనే పెద్ద పుట్టి అల్లడం మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి పదకొండు మంది పట్టే పుట్టి సిద్ధమైంది. కానీ అది ఉత్త వెదురు. తోలు కప్పితేనే నీటి మీద తేలుతుంది.

అందరి చూపూ నింబాజీ పెట్టె మీద పడింది. ఆయన పెట్టె మీద కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నా ప్రాణం అడగండి, ఇస్తాను. ఇవి అడక్కండి" అన్నాడు. "అయినా ఈ బొమ్మల నిండా చిల్లులే. వెలుగు కనబడాలని నగ నగకీ, పువ్వు పువ్వుకీ ఉలితో పొడిచినవి. వీటితో నీళ్లు ఆగుతాయా?"

చిల్లులు మూయాలంటే లక్క కావాలి. ఆదెయ్య దగ్గర లక్క ఉంది, కుంపటీ ఉంది. అయినా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఉత్త లక్క అయితే తోలు వంగగానే పెటిలిపోతుంది. పెటలకుండా కలిపే పాళ్లు నాకు తెలుసు. కానీ ఎవరికీ చెప్పనని మా నాన్న చేతిలో చెయ్యేసి ఒట్టేశాను. ఇన్ని వందల చిల్లులు నేనొక్కణ్ణీ మూసేసరికి దిబ్బ ఉండదు."

నీరు వాళ్లు వండుకున్న పొయ్యిరాళ్ల దాకా వచ్చింది. చంటిబిడ్డ ఏడుపు ఆగడం లేదు. రెండు రోజులుగా ఎడతెగకుండా అల్లిన సింగారమ్మ పుట్టి అంచుకు తల ఆన్చి, పట్టపగలే చిన్న కునుకు తీసింది.

ఆ కునుకులో ఆమెకు నీళ్లు కారే ముతక చీరతో ఒక ముసలమ్మ కనిపించింది. వచ్చి పక్కన చతికిలబడి, పుట్టిని తడిమి చూసి అడిగింది.

"ఎలా అల్లావే?"

సింగారమ్మ చెప్పింది. అడుగున బద్దలు నక్షత్రంలా పరచడం, వాటిని పైకి వంచేటప్పుడు మోకాలితో అదిమి పట్టడం, చిన్నప్పుడు తాటిచెట్టు కింద నిలబడి గిజిగాడు గూడు అల్లుతుంటే చూసి నేర్చిన ముడి, అన్నీ చెప్పింది. చెబుతున్న కొద్దీ ఆమెకే సంతోషం పట్టలేదు. తన పని గురించి అంతవరకు ఎవరూ ఆమెను అలా అడగలేదు.

"వాళ్లనీ చెప్పమను" అంది ముసలమ్మ. "దాచుకున్నది చెప్పమను, పెట్టెలో ఉన్నది తియ్యమను. మూడు పనులూ ఒకచోట కలపండి. దిగువ మెరక మీద నేను కాచుకుని ఉంటాను."

సింగారమ్మ ఉలిక్కిపడి లేచింది. కల అందరికీ చెప్పింది. చెప్పి, నింబాజీ ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

"తమ్ముడూ, ఈ బొమ్మలు ఎవరు చేశారు?"

నింబాజీ పెట్టె మీద నుంచి దిగాడు. తరువాత పెట్టె తెరిచాడు. "ఈ రావణుణ్ణి మా తాత చేశాడక్కా. పది తలలకూ పది చూపులు పెట్టాడు. మా నాయనమ్మ కోపంగా ఉన్నప్పుడు ఒకటి, నవ్వినప్పుడు ఒకటి, అలా చూసి గీశాడట. ఈ ఆంజనేయుడు నా చేతిది. తోకకే నెల పట్టింది." ఆ తోకను వేలితో నిమిరాడు. "దేవుళ్లను కాళ్ల కింద పరుస్తామా అక్కా?"

"కాళ్ల కింద కాదురా. ముఖాలు నీళ్ల వైపు పెడదాం. మనకంటే ముందు వాళ్లే ఏటికి ఎదురు నిలబడతారు."

నింబాజీ ఒక్కొక్క బొమ్మనూ కళ్లకద్దుకుని బయటికి తీశాడు. అన్నింటికన్నా పెద్దదైన రావణుణ్ణి అడుగున పరిచాడు. నూలు అమ్మే దంపతులు పేట మీద పేట పెనవేసి కుట్టసాగారు.

అప్పుడు ఆదెయ్య లేచాడు. ఆకాశం వైపు చూసి, "నాన్నా, తిట్టుకోకు" అన్నాడు. అందరినీ కుంపటి చుట్టూ కూర్చోబెట్టాడు. "వినండి. లక్కలో నాలుగో వంతు గుగ్గిలం వెయ్యాలి. కరిగాక ఆముదం చుక్క చుక్కగా పొయ్యాలి. కడ్డీతో ఎత్తితే తల వెంట్రుకలా సాగాలి, తెగకూడదు. అదీ పాకం. ఆకుపచ్చ కావాలంటే నీలిమందులో పసుపు కలుపుతాను. చిలక మెడ మీది పచ్చ రావాలని పదేళ్లు తంటాలు పడ్డాను, తెలుసా!" ముప్పై ఏళ్లుగా నోట రాని మాటలు ఆయన నోట ఏరులా పొంగాయి. తెలికల ఆయన ఆముదం అందించాడు. చంటిబిడ్డ తల్లి కూడా ఒక కడ్డీ తీసుకుంది. ఆదెయ్య ఒకరి నుంచి ఒకరి దగ్గరికి పరుగెత్తుతూ, "అదే, అదే! ఇంకొంచెం పలచగా! శభాష్!" అని అరుస్తున్నాడు. ఏరు పాదాలు తడుపుతున్నా ఆ పదకొండు మందీ భయం మరిచిపోయారు. ఎరుపు ఎక్కడ వెయ్యాలి, పసుపు ఎక్కడ వెయ్యాలి అని పోట్లాడుకున్నారట కూడా!

చివరి చిల్లు మూసేసరికి నీరు మోకాళ్లకు వచ్చింది. అందరూ పుట్టిలోకి ఎక్కారు. మరుక్షణమే ప్రవాహం దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. దిబ్బ వారి కళ్లముందే కరిగి మునిగిపోయింది. ఒక మాను వచ్చి తగిలింది. వెదురు కిర్రుమంది, తోలు లోపలికి వంగింది. ఆదెయ్య కళ్లు మూసుకున్నాడు. లక్క పెటలలేదు! చుక్క నీరు లోపలికి రాలేదు. "నిలబడింది మావా, నీ లక్క నిలబడింది!" అని సింగారమ్మ కేక వేసింది. అడుగున ఉన్న తోలును అరచేత్తో నిమురుతూ నింబాజీ తన బొమ్మలను పేరుపేరునా పిలుస్తూనే ఉన్నాడు.

రెండు కోసుల దూరం కొట్టుకుపోయాక పుట్టి ఒక మెరకకు తగిలి ఆగింది. నేడు గుడి ఉన్న మెరక అదే. అక్కడ గేదెలు మేపుతున్న గొల్ల బూసయ్య తాడు విసిరి ఒక్కొక్కరినీ పైకి లాగాడు. అందరూ దిగాక పుట్టిని గట్టెక్కిద్దామని పక్కకు వాల్చి నిలబెట్టారు. ఆపైన ఎంతమంది పట్టినా అది కదలలేదు. అదే సమయానికి మబ్బులు విడి, పడమటి ఎండ దాని వెనక నుంచి పడింది.

బూసయ్య చేతిలోని తాడు వదిలేశాడు. వెదురు అల్లికలో దేవతలు వెలుగుతున్నారు. లక్క నింపిన ప్రతి చిల్లూ ఒక దీపంలా ఉంది. నడుమ, రావణుడి తోలు మీద సీతమ్మ తోలు పడినచోట, ముసలమ్మ ముఖం ఒకటి నవ్వుతోంది.

"ఈ ముఖం నేను గీయలేదు" అన్నాడు నింబాజీ. "మా తాతా గీయలేదు."

సింగారమ్మకు మాత్రం గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. "ఈమే! కలలో నన్ను అడిగింది ఈమే!" అంటూ సాగిలపడింది.

కదలని తల్లిని అక్కడే ఉంచి ముందు పాక, తరువాత గుడి కట్టారు. పుట్టి ఆగిన మెరక గనుక ఊరికి పుట్టిమెరక అని పేరు వచ్చింది. నింబాజీ బొమ్మలు లేనివాడయ్యాడని పదూళ్లవారు తోళ్లు పంపారు. సింగారమ్మ బద్దలు చెక్కి ఇచ్చింది, ఆదెయ్య రంగులు నూరి ఇచ్చాడు. మరుసటి ఏడు శ్రావణంలో నింబాజీ కొత్త బొమ్మలతో అమ్మవారి ముందే ఆట కట్టాడు. తండ్రికి చేసిన ఒట్టు తప్పానని ఆదెయ్య కొన్నాళ్లు లోలోపల కుమిలాడు. ఒకనాడు అమ్మవారి ఎదుట నిలబడి తన పని అంతా మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చెప్పుకున్నాడు. గుడి దిగి వస్తూ, "మా నాన్న కూడా విన్నట్టుంది" అన్నాడట. ఆ తరువాత ఎవరు అడిగినా కాదనకుండా నేర్పాడు.

నేటికీ పూజ చేసేది సింగారమ్మ వంశపు స్త్రీలే. పన్నెండేళ్లకొకసారి పుట్టికి కొత్త తోలు కప్పుతారు. ఎవరు కుట్టినా, ఏ బొమ్మలు పరిచినా ఆ ముఖం నడుమ వచ్చి కూర్చుంటుంది. శ్రావణ బహుళ పంచమినాడు జరిగే 'పని చెప్పుకోలు'కు ఎక్కడెక్కడి నుంచో చేతిపనివారు వస్తారు. కుమ్మరులు, నేతగాళ్లు, కంచుపనివారు, బొంతలు కుట్టే ఆడవాళ్లు, ఈ మధ్య కాగితాలతో పూలు చేసే కాలేజీ పిల్లలు కూడా వరుసలో నిలబడుతున్నారు. పూజారమ్మ ఒక్కొక్కరినీ "ఎలా చేశావమ్మా? ఎలా చేశావయ్యా?" అని అడుగుతుంది. చేసినవారు తమ పనిని చూపించి, ఎలా చేశారో, ఆ ఊహ ఎక్కడ పుట్టిందో దాచకుండా చెప్పాలి. ఇక్కడ అంతకుమించిన మొక్కుబడి లేదు.

పోయిన ఏడు మేరీ రత్నం అనే లేసు అల్లే ఆమె వరుస చివరన నిలబడి వెనకాడింది. "నేను చర్చికి వెళ్లేదాన్నండి. చెప్పొచ్చా?" అని అడిగింది. పూజారమ్మ ఆమె చేతిలోని తెల్లని అల్లికను చూసి, "ముందు ఇదెలా చేశావో చెప్పు తల్లీ, ఆగలేకపోతున్నాను!" అంది. గుడంతా నవ్వులు. రత్నం మొదట తడబడుతూ, తరువాత ధారాళంగా చెప్పింది. ఆసుపత్రిలో భర్త మంచం పక్కన కూర్చున్న రోజుల్లో కిటికీ బయట మునగచెట్టు ఉండేదట. ఎండ వేళ దాని ఆకుల నీడ దుప్పటి మీద ఆడేది. ఆయన లేచి నడిచిన రోజున ఆ నీడను దారంతో పట్టుకోవాలనిపించిందట. భర్త అదే గుడిలో, స్తంభం పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

అమ్మవారికి చెప్పుకున్నవారి చెయ్యి వణకదని, ఊహ ఎండదని, నేర్పినకొద్దీ పనితనం పెరుగుతుందని ఇక్కడి నమ్మకం. ఆనాడు రత్నం గుడి మెట్లు దిగకముందే ఐదుగురు ఆడవాళ్లు దారపు ఉండలతో ఆమెను చుట్టుముట్టారు. ఆమె మండపంలోనే చతికిలబడి, "రండి, దగ్గరగా కూర్చోండి. మొదటి ముడి ఇలా వెయ్యాలి" అంది.