మబ్బులు చెరపమన్న రాజు

కుంకుమగిరి రాజు రణధీరుడికి పొగడ్త తప్ప మరేదీ రుచించదు. తన రాజ్యాన్ని కొలువుకూటం గోడమీద బొమ్మగా వెయ్యమని చిత్రకారిణి సోమక్కను పిలిపించాడు. ఆమె కోట, కొండ, చేలు వేసి, వాటి మీద నల్లటి మబ్బులు కమ్మించింది.

రాజు చూసి మండిపడ్డాడు. "నా కోట మీద ఈ చీకటేమిటి? నా ఏలుబడికి చెడ్డరోజులొచ్చాయని జనం అనుకోరూ? చెరిపెయ్. లేదా రాజ్యం విడిచి పో!"

ఎంతో ఇష్టపడి వేసిన మబ్బులవి. సోమక్కకు ప్రాణం ఉసూరుమంది. అయినా తడిగుడ్డ చేతిలోకి తీసుకుని వినయంగా అడిగింది.

"అలాగే ప్రభూ. ఈ ఏడు చినుకు పడలేదని మొరపెట్టుకోవడానికి వచ్చిన రైతులు, పొద్దుటి నుంచీ గుమ్మంలోంచి ఈ మబ్బుల్నే చూసి మురిసిపోతున్నారు. ఏమయ్యాయని అడిగితే ఏం చెప్పను? ఏలినవారే తీయించేశారని చెప్పనా?"

రాజు గుమ్మం వైపు చూశాడు. వానల్ని తరిమేసింది రాజేనని ఊరూరా చెప్పుకోవడం ఆయన చెవుల్లో అప్పుడే వినిపించింది.

"ముందా గుడ్డ అవతల పారెయ్!" అని అరిచాడు. తర్వాత గోడకు దగ్గరగా వెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు.

"తూర్పు చేల మీద మబ్బు పలచగా ఉంది. ఇంకాస్త నలుపు పట్టించమ్మా."