మగ్గం పక్క కంప్యూటర్

ఆ ఊరికి రాజు లేడు గానీ, నేతగాళ్ల సొసైటీకి అధ్యక్షుడు సాంబమూర్తి ఉన్నాడు. చీరల డిజైన్లు గీసే నాగరత్నానికి కంప్యూటర్ కొనాలని ఆయనే తీర్మానించాడు.

"ల్యాప్‌టాప్ తీసుకో," అన్నాడు. "కబురు పెట్టగానే మా ఇంటికి తేవచ్చు. నేను చెప్పిన మార్పు అక్కడికక్కడే చెయ్యొచ్చు."

నాగరత్నానికి పాత చీరలు గుర్తొచ్చాయి. ఆయన ఇంట్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని కాగితం మీద బొమ్మ మార్చినప్పుడల్లా, ఇక్కడ మగ్గం మీద సగం నేసిన చీర విప్పాల్సి వచ్చేది. విప్పినదానికి కూలి ఉండదు.

"మీ హోదాకి అంత చిన్న తెరేంటండీ? డెస్క్‌టాప్ కొనండి, పెద్ద తెర పెట్టుకోవచ్చు," అంది.

ఆయన పొంగిపోయి అదే కొన్నాడు. నాగరత్నం దాన్ని మగ్గాల షెడ్డులో, ముసలి గుర్నాథం మగ్గం పక్కనే పెట్టించింది.

వారం తిరక్కుండా సాంబమూర్తి వచ్చాడు. తెర మీద, గుర్నాథం నేస్తున్న చీర పమిటచెంగు చూసి, "చిలకలు తీసేసి హంసలు పెట్టు," అన్నాడు.

నాగరత్నం హంసలు సిద్ధం చేసి, మౌస్ ఆయన వైపు జరిపింది. "మీరే నొక్కండి. నొక్కగానే గుర్నాథం బాబాయి విప్పడం మొదలుపెడతాడు."

గుర్నాథం అటూ ఇటూ దారం విసిరే నాడె ఆపాడు. నేసిన చిలకల మీద అరచెయ్యి ఆనించి, అధ్యక్షుడి వేలి వైపే చూస్తున్నాడు. మిగతా మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సాంబమూర్తి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చిలకలే ఉండనీ," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "ల్యాప్‌టాప్ కొనుంటే పోయేది," అని గొణిగాడు.

"అవునండీ," అంది నాగరత్నం. "మీ ఇంట్లో అయితే గుర్నాథం బాబాయి కనపడేవాడు కాదు."