ముంగిస ఇచ్చిన మూడు ఉండలు

అనగనగా నల్లకొండ కింద ఒక అడవి. ఆ అడవి మధ్యలో లోతైన వాగు. ఎండాకాలంలో ఇవతలి ఒడ్డున గడ్డి మాడిపోగానే రేచుకుక్కలు గుంపుగా దిగుతాయి. అప్పుడు దుప్పుల మంద ఒక్క గెంతులో వాగు దాటాలి. రేచుకుక్కలు అంత దూరం గెంతలేవు. దాటిన దుప్పి బతుకుతుంది. దాటలేనిది బతకదు.

ఆ మందలో చుక్కాలు అనే దుప్పి ఉండేది. దానికి బుడత అనే చిన్న కూతురు. ఆ ఏడు చుక్కాలు అడవి అంచున ఉన్న వేరుశెనగ చేలు మరిగింది. కుప్పల దగ్గర రాలిన కాయలు తినడం, అక్కడే పడుకోవడం, లేచి మళ్ళీ తినడం. ఒళ్ళు బాగా పెరిగిపోయింది. శీతాకాలం చివర మంద అంతా గెంతులు సరిచూసుకుంటుంటే చుక్కాలు కూడా గెంతి, సగంలోనే బురదలో పడింది. బుడత బిక్కమొహం వేసుకుని చూసింది.

చుక్కాలుకు భయం పట్టుకుంది. మందకు పెద్దయిన ఈరమ్మ దగ్గరికి పోయింది.

“పెద్దమ్మా, నేను దాటలేకపోతే నా పిల్ల ఏమైపోతుంది?”

“వేరుశెనగ చేల వైపు పోకు. గడ్డి మేయి. రోజూ పొద్దున్నే నాతో కొండెక్కి దిగు. ఎండలు ముదిరేలోగా నీ కాళ్ళే నిన్ను దాటిస్తాయి,” అంది ఈరమ్మ.

మొదటి రోజు చుక్కాలు ఆయాసపడింది. రెండో రోజు కాళ్ళు పీకాయి. మూడో రోజు నీళ్ళలో నీడ చూసుకుంది. పొట్ట ఉన్నచోటే ఉంది. “ఇది జరిగే పని కాదు,” అని మానేసింది. నెలల తరబడి పెరిగిన ఒళ్ళు మూడు రోజుల్లో తగ్గుతుందా, పిల్లలూ? బుడత మాత్రం రోజూ ఈరమ్మ వెనకాలే కొండెక్కేది.

ఆ అడవిలో గండయ్య అనే ముంగిస ఉండేది. పాము కాటుకు విరుగుడు వేరు ముంగిసకే తెలుసని అందరి నమ్మకం. పాము మందు తెలిసినవాడికి అన్ని మందులూ తెలుస్తాయి కదా అనుకుంది చుక్కాలు. అక్కడే తప్పటడుగు వేసింది.

“సన్నబడాలా? ఎంత పని!” అన్నాడు గండయ్య. “మూడు ఉండలిస్తాను, వారానికొకటి మింగు. కొండలెక్కక్కర్లేదు, పథ్యమక్కర్లేదు. కౌజుపిట్టల గూడు ఎక్కడుందో చెప్పు, చాలు.”

“ఇంతకు ముందు ఎవరైనా వాడారా బావా?”

“వాడనిదెవరు!” అన్నాడు గండయ్య. ఒక్క పేరూ చెప్పలేదు. చుక్కాలు అడగనూ లేదు. గూడు ఎక్కడుందో చెప్పి ఉండలు తెచ్చుకుంది.

మొదటి ఉండకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండో ఉండకు ఆకలి చచ్చిపోయింది. మూడో ఉండకు పడుకున్నా గుండె దడదడ కొట్టుకుంది. కానీ పొట్ట మాత్రం పోయింది. చుక్కాలు మురిసిపోయింది.

“చూశావా పెద్దమ్మా, ఎంత సన్నబడ్డానో!”

ఈరమ్మ దాని తొడలు మూతితో తడిమి చూసింది. “కొవ్వుతో పాటు కండా పోయిందే తల్లీ. ఇంక ఆ ఉండల జోలికి పోకు. మెల్లగా మేత మొదలుపెట్టు.”

“నన్ను చూసి నీకు కన్నుకుట్టింది,” అని చుక్కాలు విసవిసా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున్నే రేచుకుక్కలు దిగాయి. మంద పరుగు తీసింది. ఈరమ్మ గెంతింది. బుడత గెంతి అవతలి ఒడ్డున పడింది. చుక్కాలు పరుగెత్తబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. సరిగ్గా వాగు ఒడ్డుకు వచ్చాక ముందుకాళ్ళు మడతపడి కూలిపోయింది.

“అమ్మా, గెంతు! అమ్మా!” అని బుడత అరిచింది.

చుక్కాలు లేవబోయింది. లేవలేకపోయింది. కుక్కల రొప్పు వెనకే వినపడుతోంది.

“వెనక్కి రాకు బుడతా! పెద్దమ్మతో పో!” అంది. అదే దాని చివరి మాట.

ఆ రోజంతా బుడత మేత ముట్టలేదు. సాయంత్రం ఈరమ్మను అడిగింది. “అమ్మ సన్నబడింది కదా పెద్దమ్మా, మరెందుకు దాటలేకపోయింది?”

ఈరమ్మకు ఏడుపు ఆగలేదు. “సన్నబడింది తల్లీ. బలం మాత్రం రాలేదు. అది ఉండలు మింగితే వచ్చేది కాదు.”

మర్నాడు బుడత అవతలి కొండ ఎక్కింది. సగం దారిలో ఏడుస్తూ కూర్చుంది. కాసేపటికి లేచి మిగతా సగం కూడా ఎక్కింది.

నీతి: ఊరూపేరూ తెలియని మందు ఒళ్ళు తగ్గించినా ప్రాణం తీయవచ్చు; మితమైన తిండి, రోజూ ఒంటికి పని, ఇవి ఆలస్యంగా ఫలించినా ఆపదలో నిలబెడతాయి.