ఒక్క వాక్యపు కొలువు

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని ప్రతాపభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనసు వెన్నే గాని, తనంత తెలివైనవాడు భూమ్మీద లేడని ఆయనకు గట్టి నమ్మకం. రోజూ పొద్దున్నే తలకు నూనె మర్దన చేయించుకుంటూ రాజ్యంలోని వార్తలు వినేవాడు. అందుకొక నియమం పెట్టాడు. ఏ వార్తయినా ఒక్క వాక్యంలో తేల్చేయాలి. రెండో వాక్యం మొదలైతే చాలు, ఆయన చెయ్యి పైకి లేచేది. ఇక నోరు మూసుకోవాల్సిందే.

ఆ వాక్యాలు రాసేది మంత్రి శరభయ్య. చదివి వినిపించేది కోనమయ్య అనే కొలువు ఉద్యోగి.

శరభయ్య చెడ్డవాడేం కాదు. మొదట్లో ఉన్నది ఉన్నట్టే రాసేవాడు. తూర్పు సీమలో వానలు సమయానికి కురిశాయని చదివితే రాజు గురక పెట్టేవాడు. తూర్పు సీమలో పిడుగుపడి గుడిసె తగలబడిందంటే మాత్రం దిగ్గున లేచి కూర్చుని, మంత్రిని మెచ్చుకుని తాంబూలం ఇచ్చేవాడు. పాపం, ఎవరైనా ఏం నేర్చుకుంటారు? పోనుపోను ఆ రాజ్యంలో వానలు కురవడం మానేసి, పిడుగులు మాత్రమే పడసాగాయి.

ఒక సోమవారం కోనమయ్య చదివిన వాక్యం ఇది: "ముంతవలస ఊరిపెద్ద పోలినాయుడు కర్రలు పట్టిన మనుషులతో వచ్చి, ప్రభువుల ధాన్యం బళ్ళను నడిదారిలో అడ్డగించాడు."

రాజు కళ్ళెర్రజేశాడు. పోలినాయుణ్ణి కట్టి తెచ్చి శుక్రవారం ఉరి తీయమన్నాడు. బుధవారానికల్లా అతన్ని తెచ్చి కోట చెరసాలలో పడేశారు. నువ్వేమంటావని అడిగిన నాథుడు లేడు.

ఆ సాయంత్రమే, ఆ బళ్ళు తోలిన బండివాడొకడు కోనమయ్య ఇంటికి వచ్చి కంటతడి పెట్టుకున్నాడు. వానలకు వాగు మీది వంతెన కుంగిపోయిందట. ఆగండయ్యా అని పోలినాయుడు మొత్తుకున్నా, రాజుగారి బళ్ళను ఆపడానికి నువ్వెవడివని తామే మొండికేశారట. చివరికి అతను ఊరివాళ్ళ చేత కర్రలు అడ్డం పెట్టించి ఆపాడు. కాసేపటికే వంతెన కూలింది. బళ్ళూ బతికాయి, బండివాళ్ళూ బతికారు. చావబోతున్నది పోలినాయుడొక్కడే.

కోనమయ్యకు అన్నం సహించలేదు. ఉరి అనే మాట పుట్టింది తన నోట చదివిన వాక్యంలోంచే గదా. పోనీ వెళ్ళి చెబుదామంటే రాజు రెండో వాక్యం వినడు. ఆలోచించి ఆలోచించి, మొదటి వాక్యంతోనే పని జరగాలనుకున్నాడు.

గురువారం పొద్దున మంత్రి రాసిచ్చినవి పక్కన పెట్టి, తను రాసుకొచ్చింది చదివాడు. "మొన్న సంతవీధిలో ఒక బలిష్ఠుడు, పట్టపగలు పదిమంది చూస్తుండగా, ఒక ముసలమ్మను కొప్పు పట్టి ఈడ్చి బురదలో పడేశాడు."

శరభయ్య నాలుక కరుచుకున్నాడు. రాజు మాత్రం ఒక్క ఉదుటున లేచాడు.

"నా రాజ్యంలోనా? వాడి చేతులు నరికించండి."

"రెండు చేతులూనా ప్రభూ?"

"రెండూను. వాణ్ణి వెతికి పట్టుకోండి."

"వెతకనక్కర్లేదు ప్రభూ. ఇక్కడే, నెత్తిన నూనె ఓడుతూ నిలబడి ఉన్నాడు."

కొలువంతా బిక్కచచ్చిపోయింది. రాజు ముఖం కందగడ్డ అయింది. తాడు తెంచుకున్న ఆబోతు ఆ అవ్వ మీదికి దూకుతుంటే, చేతికి అందిన కొప్పు పట్టి పక్కకు లాగి ఆమె ప్రాణం కాపాడానని, ఆమె తనకు చేతులెత్తి మొక్కిందని, సంతలో అందరూ చూశారని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"మరి ఆబోతు సంగతి ఎందుకు చదవలేదు?" అన్నాడు చివరికి.

"ఆబోతు ఆ వాక్యంలో పట్టలేదు ప్రభూ. అందులో ఒక్క అబద్ధం ఉంటే నా నాలుక కోయించండి."

రాజు మళ్ళీ పీటమీద కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులు తనే చూసుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ముంతవలస వాక్యంలో ఏం పట్టలేదు?"

"వంతెన" అన్నాడు కోనమయ్య. అని, వాగు దగ్గర జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఈసారి చెయ్యి పైకి లేవలేదు.

అంతా విని రాజు పకపకా నవ్వాడు. "ఓరి కోనమయ్యా, నా చేతులు నాచేతనే నరికించబోయావు గదా" అన్నాడు. శరభయ్య తల దించుకుని, తప్పు తనదేనన్నాడు. తాంబూలాలు ఇచ్చి మరీ నేర్పింది నేను గదయ్యా అని రాజు అతని భుజం తట్టాడు. తన బంగారు కంకణం తీసి కోనమయ్యకు తొడగబోయాడు. కోనమయ్య వెనక్కి జరిగి, కంకణానిదేముంది ప్రభూ, ముందు చెరసాల తలుపు తీయించండి అన్నాడు.

రాజు అలాగే, తలా చేతులూ తుడుచుకోకుండానే చెరసాలకు నడిచాడు. కోనమయ్య వెనకాలే వెళ్ళాడు. మూలన చేతులు కట్టేసి ఉన్న పోలినాయుడు గోడ పట్టుకుని లేచాడు. రాజును చూడటం అతనికి అదే మొదలు. ఉరి రేపే గదా, దయ చూపమంటాడేమోనని కోనమయ్య అనుకున్నాడు.

"బాబయ్యా, ధాన్యం తడవలేదు గదా?" అని అడిగాడు పోలినాయుడు.

రాజు తడవలేదన్నట్టు తల ఊపి, అతని చేతుల కట్లు విప్పబోయాడు. నూనె వేళ్ళకు ముడి జారిపోతూ వచ్చింది. అయినా ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా, అది ఊడేదాకా ఆయనే విప్పాడు.