వరస తప్పిన పిడి

కొండపాలెం సాయుధ పోలీసు శిబిరంలో, ఎవరేం చెప్పినా ముందు ‘కాదు’ అనేసి ఆ తరువాత ఆలోచించే పైడితల్లి అనే కానిస్టేబులు ఉండేది. అన్నం ఉడికిందంటే ఇంకా పలుకుందనేది. వాన వస్తుందంటే రాదనేది. నిలువునా తడిసి వచ్చాక కూడా, ‘ఇది వానేటి, జల్లు’ అనేది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. మనిషి పొట్టి, చేతులు అంతకన్నా పొట్టి. గురి మాత్రం గట్టిది. ఆ గురిని చూసే ఆమె నోటిని అందరూ భరించేవారు.

ఆ శిబిరంలో ప్రత్యేక దళానికి మనుషుల్ని ఎంచుతున్నారు. అంతకు ముందు పైడితల్లి ఒక ధాన్యం గోదాము గేటు దగ్గర కాపలా కాసేది. లారీ వస్తే గొలుసు దించడం, లారీ పోతే గొలుసు ఎత్తడం, అదే ఉద్యోగం. దళంలో చోటు దొరక్కపోతే మళ్లీ ఆ గొలుసు దగ్గరికే పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ముద్ద దిగేది కాదు. దళంలో ఉండాలి, అంతే. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు.

ఎంపిక పరీక్ష దగ్గర పడుతుండగా శిబిరానికి ఒక పెట్టె నిండా కొత్త పిడులు వచ్చాయి. తుపాకీ ముందు భాగంలో, గొట్టం కింద, ఎడమచేత్తో పట్టుకోవడానికి నిటారుగా బిగించే పిడులవి. కొన్ని పొడుగువి, కొన్ని పొట్టివి. తుపాకీ అడుగున గాడులున్న ఇనప పట్టీ ఉంటుంది. పిడిని ఆ పట్టీ మీద ముందుకో వెనక్కో జరిపి, మర బిగిస్తే చాలు.

పైడితల్లి పెట్టెలోకి తొంగి చూసి, అలవాటు ప్రకారం, “నాకు వద్దు” అంది.

ఆమె పక్క మంచం హేమలతది. గుంటూరు పిల్ల, తాటిచెట్టంత పొడుగు. ఆమెకు నవ్వొచ్చింది.

“చెయ్యేసి చూడకుండానే వద్దంటావేందే?” అంది.

“ఇన్నాళ్లూ పిడి లేకుండానే కొట్టలేదేటి?”

“కొట్టావులే. కొట్టాక భుజం పట్టుకుని మూలుగుతా ఉంటావు. ఒకసారి పట్టి చూడు, నీ సొమ్మేం పోతుంది?”

పైడితల్లి మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. కానీ మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, ఎవరూ చూడకుండా పొట్టి పిడి ఒకటి తీసుకుంది. దాన్ని పట్టీ మీద బాగా వెనక్కి, తన దగ్గరగా జరిపి బిగించింది. తుపాకీ భుజానికెత్తింది. మోచెయ్యి హాయిగా వంగింది. ఎప్పుడూ ఎగిరెగిరి పడే తుపాకీ, పాలు తాగిన పిల్లలా భుజాన ఒదిగింది. పైడితల్లికి సిగ్గేసింది. ఇంత సుఖాన్నా తను కాదన్నది!

సాయంత్రం హేమలత దగ్గరికి వెళ్లి, “నువ్వు చెప్పిందే నిజం. పిడి ఉండాల్సిందే” అంది.

హేమలత నోరు తెరిచింది. “ఏదీ, ఇంకోసారి అను. చెవులారా వింటా.”

“ఒక్కసారే అంటాను. మళ్లీ అడక్కు.”

అంతటితో ఆగితే ఈ కథే లేదు. ఆ శిబిరానికి విశ్వనాథం గారని ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. మంచివాడే, కష్టపడేవాడే. కానీ వరస అంటే ప్రాణం పెట్టేవాడు. తనిఖీ రోజున మంచాల మీద పళ్లేలు, మగ్గులు, బూట్లు, మడిచిన దుప్పట్లు సర్దించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దారం లాగి పట్టించేవాడు. మగ్గు చెవి దారం దాటి వేలెడు బయటికొస్తే ఆ మగ్గు గలవాడికి మైదానం చుట్టూ పరుగే. వెనకటి తనిఖీలో కమాండెంటు గారు ఆ వరసను చూసి మెచ్చుకున్నారు. అప్పటి నుంచి విశ్వనాథం గారి చేతిలో దారపుండ ఉండని రోజు లేదు.

పిడులు వచ్చిన మర్నాడే ఆయన ఒక ఆజ్ఞ వేశాడు. అందరూ పొడుగు పిడులే బిగించాలి. అందరూ పట్టీకి ముందు చివరే బిగించాలి. తుపాకులన్నీ బల్ల మీద పేర్చి దారం లాగితే, ఒక్క పిడి కూడా అటూ ఇటూ పోకూడదు. ఎంపిక పరీక్షకు కమాండెంటు గారే వస్తున్నారు మరి!

పైడితల్లి ఈసారి వెంటనే కాదనలేదు. బుద్ధిగా పొడుగు పిడి తీసుకుంది. ముందు చివరే బిగించింది. ఎత్తి చూసింది. పిడి అందుకోవడానికి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. తుపాకీ మడమ భుజం మీంచి జారింది. గుండు పేలిస్తే ఎటు పోతుందో గుండుకే తెలియాలి. మళ్లీ మళ్లీ కాల్చింది. ఎన్నిసార్లు కాల్చినా అంతే. అప్పుడు మర విప్పి, పొట్టి పిడిని మునుపటి చోటే బిగించుకుని, బల్ల మీద పెట్టింది.

మర్నాడు విశ్వనాథం గారు దారం లాగించాడు. పిడులన్నీ దారానికి ఆనుకుని ముచ్చటగా ఉన్నాయి. ఒక్కటి తప్ప. అది జానెడు వెనక, అలిగిన కోడలిలా నిలబడి ఉంది.

“ఎవరిదిది?” అని ఆయన గద్దించాడు.

“నాదే సార్” అంది పైడితల్లి.

“నువ్వేనా? ఇంకెవరై ఉంటారులే! ముందుకు జరుపు.”

“జరిపి చూశాను సార్. నా చేతికి అందట్లేదు.”

“అందరికీ అందుతోంది, నీకొక్కదానికే అందట్లేదా?”

“అందరి చేతులూ నాకు లేవండి సార్. మా ఊళ్లో కొడవలి పిడి ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు చెక్కించుకుంటారు. పొరుగింటాయన చేతికి కొలత తీసి నాకు చెక్కితే నేనేటి కోస్తాను?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విశ్వనాథం గారికి ఆమె మాటకన్నా ఎక్కువ గుచ్చుకుంది. “మైదానం చుట్టూ పరుగెత్తు! తుపాకీ తలమీదికి ఎత్తి పట్టుకుని!” అన్నాడు.

పైడితల్లి పరుగెత్తింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పరుగెత్తించాడు. చేతులు లాగేశాయి. కళ్లు బైర్లు కమ్మాయి. ఆమె ఏడ్చింది కూడా. దాచడమెందుకు, నొప్పికి కొంచెం, కోపానికి చాలా. ఆగమన్నాక ఆయన ఎదుటకు వచ్చి నిలబడింది.

“ఇప్పుడు జరుపుతావా?”

“లేదు సార్.”

మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా? విశ్వనాథం గారు దారం ఉండగా చుట్టుకున్నాడు. “సరే. పరీక్షలో నీ ఇష్టం వచ్చిన పిడితోనే కాల్చు. గురి తప్పిందా, ఇదంతా నా మొండితనమే అని కమాండెంటు గారి ముందు నీ నోటితో చెప్పి గోదాముకు పో. ఒప్పుకుంటావా?”

పైడితల్లికి గొలుసు చప్పుడు చెవుల్లో మోగింది. అయినా, “ఒప్పుకుంటాను సార్” అంది.

పరీక్షకు ముందు అందరూ సాధన చేశారు. నిలబడి కాల్చారు, మోకాలి మీద కూచుని కాల్చారు. బోర్లా పడుకుని కాల్చడం మాత్రం విశ్వనాథం గారు మానిపించాడు. అప్పుడే వాన పడి నేలంతా బురదగా ఉంది. కమాండెంటు గారి ముందు నిలబడాల్సిన బట్టలు మాసిపోతే ఎలాగని ఆయన బెంగ! బట్టలు మాయకూడదని బోర్లా పడుకోని పోలీసుల్ని మీరెక్కడైనా చూశారా? కొండపాలెంలో చూడొచ్చు.

పరీక్ష రోజు ఉదయం కమాండెంటు గారు వచ్చారు. బల్ల మీద తుపాకులు, వాటికి ఆనించిన దారం చూసి, “బాగుందయ్యా విశ్వనాథం” అన్నారు. విశ్వనాథం గారి మొహం మతాబులా వెలిగింది. పైడితల్లి తుపాకీని ఆయన ఆ బల్ల మీద పెట్టనివ్వలేదు. అది వెలివేసినట్టు ఒక మూల గోడకు ఆనుకుని ఉంది.

కాల్పులు మొదలయ్యాయి. నిలబడి కాల్చడంలో హేమలత అందరినీ మించింది. ఆమె పొడుగాటి చేతులకు ఆ పొడుగు పిడి సరిగ్గా కుదిరింది. పైడితల్లి వెనకబడింది. మోకాలి మీద కూచున్నప్పుడు కాస్త పుంజుకుంది. విశ్వనాథం గారు ఆమె వంక ఓరగా చూశాడు. చెప్పానా, అన్నట్టుంది ఆ చూపు.

“ఇక పడుకుని కాల్చండి” అన్నారు కమాండెంటు గారు.

అందరూ బురదలో బోర్లా పడుకున్నారు. అంతే, పొడుగు పిడుల కాళ్లు నేలను తన్నాయి. తుపాకులు పైకి లేచాయి. కన్ను గురికి ఆనించాలంటే మెడలు కొంగల్లా ఎత్తాల్సి వచ్చింది. కొందరి పిడులు బురదలో దిగబడ్డాయి. గుళ్లు కొన్ని గురి పైనుంచి పోయాయి, కొన్ని మట్టిలో కూరుకున్నాయి. హేమలత పళ్లు కొరుకుతూ తుపాకీని పక్కకు వంచి కాల్చింది. లాభం లేకపోయింది.

పైడితల్లి పిడి పొట్టిది, నేలకు తగల్లేదు. దగ్గరగా ఉంది, మోచెయ్యి నేల మీద కుదురుగా ఆనింది. ఆమె ఊపిరి బిగబట్టి కాల్చింది. గుండు వెంట గుండు నల్లచుక్కలోకే పోయింది. లెక్క చూస్తే ఆమెదే మొదటి స్థానం.

పైడితల్లికి ఎగిరి గంతేయాలనిపించింది. ఇక గేటు లేదు, గొలుసు లేదు. విశ్వనాథం గారు తలదించుకున్నాడు.

కమాండెంటు గారు ఆమె తుపాకీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “శభాష్! విశ్వనాథం, రేపటి నుంచి అందరికీ ఇదే పొట్టి పిడి. సరిగ్గా ఇదే చోట బిగించండి. ఒక్కరు కూడా తప్పడానికి వీల్లేదు” అన్నారు.

“చిత్తం సార్” అన్నాడు విశ్వనాథం గారు. చెయ్యి అప్పుడే జేబులోని దారపుండ మీదికి పోయింది.

పైడితల్లి హేమలత వంక చూసింది. హేమలత మొహమంతా బురద. ఆ బురదలో కన్నీటి చారలు కనిపించాయి. ఆ పొడుగు చేతులతో ఇంత దగ్గర పిడి పట్టుకుంటే, ఆ పిల్ల మోచెయ్యి విరిగిన కోడి రెక్కలా మడుచుకుపోతుంది. నోరు మూసుకుంటే పైడితల్లికి వచ్చే నష్టమేమీ లేదు. చోటు దొరికింది, మెప్పు దొరికింది. ఇన్నాళ్లూ కాదు కాదన్న నోటికి, ఆరోజు మాత్రం ఆ మాట అనడం కష్టమైంది. అయినా అంది.

“కాదండి సార్.”

“ఏం కాదు?” అన్నారు కమాండెంటు గారు.

“నా పిడి అందరికీ వద్దండి. ఇది నా చేతికి తగ్గట్టు పెట్టుకున్నదండి. హేమలతకు పెడితే, నాకు నిన్నటిదాకా పెట్టిన బాధే ఆమెకు పెట్టినట్టు. ఎవరి పిడి వాళ్లను ఎంచుకోనివ్వండి. ఎంచుకున్నాక మళ్లీ ఒకసారి కాల్చనివ్వండి.”

“మళ్లీ కాలిస్తే నీ చోటు పోవచ్చు. దళంలో చోట్లు కొన్నే ఉన్నాయి, తెలుసా?”

“తెలుసండి. పోతే పోయింది. వాళ్ల చేతులు కట్టేసి గెలిచానని ఎవరూ అనకూడదండి.”

కమాండెంటు గారు పెద్ద మనిషి. కోపగించుకోలేదు. “పైడితల్లి లెక్క అలాగే ఉంచండి. మిగతావాళ్లు పిడులు మార్చుకుని మళ్లీ కాల్చండి” అన్నారు.

పెట్టె చుట్టూ జనం మూగారు. హేమలత పొట్టి పిడి తీసుకుని, పట్టీకి ముందు చివర బిగించుకుంది. ఇంకొకరు నడిమధ్య బిగించుకున్నారు. ఒకాయన అసలు పిడే వద్దని తీసి పారేశాడు. మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. పైడితల్లి పక్కన నిలబడి, తన చోటు మెట్టు మెట్టుగా కిందికి జారడం కళ్లారా చూసింది. హేమలత ఆమెను దాటేసింది. తరువాత ఇంకొకరు దాటారు, ఇంకొకరు దాటారు. పైడితల్లి పెదవి కొరుక్కుంది. ఒక్క క్షణం, ఎందుకన్నానా ఆ మాట అని కూడా అనుకుంది.

చివరికి పేర్లు చదివారు. మొదటి పేరు హేమలతది. పేరు వెంట పేరు వస్తోంది, పైడితల్లి పేరు లేదు. చిట్టచివర, ఇక అయిపోయిందనుకున్నప్పుడు, “బూరాడ పైడితల్లి” అని వినబడింది.

హేమలత పరుగున వచ్చి వాటేసుకుంది. “నా వల్లే కదే నువ్వు ఆఖరికి పడ్డావు!” అని ఏడ్చింది.

“ఆఖరుదాన్నయితే ఏటే? లోపలే ఉన్నాను కదా” అంది పైడితల్లి. తన కళ్లలోనూ నీళ్లున్నాయని మాత్రం ఒప్పుకోలేదు.

ఆమె దగ్గరికి విశ్వనాథం గారు వచ్చాడు. బల్ల మీద ఎగుడుదిగుడుగా ఉన్న పిడుల్ని చూశాడు. “కంటికి మాత్రం కష్టంగానే ఉందమ్మా” అన్నాడు. తరువాత, “నిన్ను ఎండలో పరుగెత్తించడం నా తప్పు” అన్నాడు. ఆమె ఈసారి కాదనలేదు.

నీతి: ఒకరి చేతికి అమరింది అందరి చేతికీ అమరదు; చేసి చూసి తప్పని తెలిశాక ఎవరి ముందైనా కాదనాలి, ఆ తప్పు మనకే లాభమైనప్పుడు మరీ గట్టిగా కాదనాలి.