రాళ్లు జరిపిన రోజు

అనగనగా ఒక గాజు తొట్టి. అడవంత పెద్దది కాదు పిల్లలూ, మన బీరువా కంటే చిన్నదే. కానీ అందులో ఉండే కేసరికి అదే అడవి, అదే రాజ్యం.

కేసరి సిక్లిడ్ అనే జాతి చేప. జానెడు పొడవు, నారింజ రంగు, నుదురు కాస్త ఉబ్బెత్తు. వకుళ అనే అమ్మాయి తన కుట్టుమిషన్ పక్కనే తొట్టి పెట్టుకుని వాణ్ణి పెంచుకుంటోంది. తొట్టిలో మూడు రాళ్లు ఆనించి కట్టిన గుహ ఉంది, ఒక నీటి మొక్క ఉంది, ఒక ముసలి నత్త ఉంది. నత్తను కేసరి అత్తా అని పిలిచేవాడు. రెండుసార్లు తినేద్దామని కూడా చూశాడు గానీ, పెంకు మరీ గట్టిది. అందుకే ఆ వరస నిలబడింది.

కేసరికి ఒక అలవాటు. దేన్ని చూపించినా "మా" అనేవాడు. మా గుహ, మా మొక్క, మా మూల.

"మా అంటే ఎవరెవర్రా? నువ్వూ నీ తోకానా?" అనేది నత్త.

ఆ మాట కేసరికి గుచ్చుకునేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ల పిల్లలు గాజు మీద వేలు పెడితే, ఆ వేలి వెంటే తిరిగేవాడు. వాళ్లు వెళ్లిపోయాక గాజులో కనిపించే తన నీడతోనే కబుర్లు. కొన్నాళ్లకు తిండి కూడా తగ్గించేశాడు. వేసిన మేత అడుక్కి దిగి నానిపోతోంది. వకుళ అది చూసింది. వీడికి తోడు కావాలి అనుకుంది.

మొదటిసారి ఒక వెండి రంగు చిన్న చేపను తెచ్చి వదిలింది. కేసరికి ఎంత సంబరమో! ఎదురెళ్లి ఇల్లంతా తిప్పి చూపించాడు. ఇది మా గుహ, లోపలికి రాకు. అది మా మొక్క, కింద నిలబడకు. ఇది మేం తినే చోటు, ఇటు తిరగకు.

"మరి నేనెక్కడుండాలి?" అని అడిగింది చిన్న చేప.

కేసరి నాలుగు మూలలూ చూశాడు. ఎంత వెతికినా తనది కాని చోటు కనిపించలేదు. సాయంత్రానికి చిన్న చేప తోక చిరిగింది. వకుళ దాన్ని బకెట్లోకి తీసి కాపాడింది.

రెండోసారి కేసరంత చేపనే తెచ్చింది. అది మాటకు మాట అప్పజెప్పే రకం. ఈ రాయి మీద నీ పేరేమన్నా రాసుందా అంది. అంతే, తొట్టంతా ఇసుక లేచింది. ఇద్దరికీ పొలుసులు రాలాయి.

వకుళ దాన్ని తిరిగిచ్చేసి, చేపల దుకాణం మస్తాన్‌కి ఫోన్ చేసింది. ఇంకొక్కసారి చూస్తాను మస్తానన్నా, అప్పుడూ ఇలాగే చేస్తే ఆదివారం వచ్చి వీణ్ణే తీసుకెళ్లిపో అంది. కేసరి కూడా ఆ దుకాణం నుంచి వచ్చినవాడే, అక్కడ పోట్లాడే చేపలను ఎక్కడ పెడతారో వాడికి తెలుసు. ఒక్కో సీసాలో ఒక్కొక్కటి. వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు.

"నాకు మాత్రం తోడు వద్దా అత్తా?" అన్నాడు నత్తతో. "ఎవరైనా రాగానే నోరు ముందు పరిగెడుతుంది. మనసు వెనకాల వస్తుంది."

"అది వచ్చేసరికి ఎవరిదో తోక చిరుగుతోంది మరి," అంది నత్త.

వకుళకు చేపల పెంపకం ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్న పనే. ఈసారి తప్పు తన పద్ధతిలోనే ఉందేమోనని వెతికింది. ఒక్కణ్ణే తెస్తే కోపమంతా ఆ ఒక్కడి మీదే పడుతోంది. పైగా ఇల్లంతా వీడిదే అయ్యాక, ఎవరొచ్చినా చొరబడినట్టే ఉంటుంది.

శనివారం పొద్దున్నే ముందు కేసరినే బకెట్లోకి తీసింది. గుహ ఊడదీసి రాళ్లను తలో వైపుకీ జరిపింది. మొక్కను ఇంకో మూలకు మార్చింది. కొత్తగా రెండు కుండ పెంకులు బోర్లించింది. అప్పుడు ఐదు చేపలను ఒకేసారి వదిలింది. అవి తిరిగి తిరిగి కుదురుకున్నాక, కేసరిని నీళ్ల సంచిలో పెట్టి, కొత్త చేపను తెచ్చినప్పుడు చేసినట్టే, తొట్టిలో పైన తేలనిచ్చింది.

సంచిలోంచి కిందికి చూస్తే కేసరికి ఏమీ అర్థం కాలేదు. గుహ లేదు. తన మూల ఏదో ఆనవాలు తెలియలేదు. వకుళ సంచి మూతి విప్పగానే బెరుగ్గా కిందికి దిగాడు. ఒక చారల చేప ఎదురొచ్చింది.

"కొత్తగా వచ్చావా అన్నా?" అంది.

కేసరి నోరు తెరిచాడు. "మా" అనే మాట పెదవి దాకా వచ్చింది. ఒక్క తోపు తోస్తే చారల చేప పల్టీ కొడుతుంది, ఆ సంగతి వాడికి తెలుసు. పెద్ద పెంకు కింద చోటు కూడా భలేగా ఉంది. అయినా ఆగాడు. మనసు వచ్చి అందుకునేదాకా ఆగాడు.

"అవును, కొత్తే," అన్నాడు. "నన్ను ఎక్కడుండమంటారు?"

ఐదు చేపలూ గుసగుసలాడుకున్నాయి. ఇంత పెద్దవాడికి ఇరుకు చోటు ఎలా ఇస్తాం అనుకుని, పెద్ద పెంకు కిందే ఉండమన్నాయి. మొక్క వైపు మాత్రం తమకు వదిలేయమన్నాయి. కేసరి సరేనన్నాడు.

సాయంత్రం వకుళ మేత వేసింది. ఆరు నోళ్లు ఒకేసారి పైకొచ్చాయి. ఒక్క గింజా అడుక్కి దిగలేదు. ఆమె వంగి ఒక్కొక్క తోకనూ పరీక్షగా చూసి, ఆదివారం రావద్దని మస్తాన్‌కి చెప్పేసింది.

నత్త గాజు వెంట పాక్కుంటూ వచ్చి, ఈ తొట్టి మొదట ఎవరిదో వీళ్లకు చెప్పనా అని అడిగింది.

"చెబుదువుగానీలే అత్తా, తొందరేముంది," అన్నాడు కేసరి. "ఇవాళ వాళ్లు నాకు ఊరంతా తిప్పి చూపిస్తామన్నారు."

నీతి: తోడు కావాలనుకునేవాళ్లు ముందు తాము కాస్త జరిగి కూర్చోవాలి.